ఒకటిన్నర సెకను

కాజా టోల్‌గేటు దాటాక
సిమెంటు లారీ పక్కన బండి ముక్కు పెట్టి
కాలు అదిమిన ప్రతిసారీ
ఒక ఖాళీ.
ఇంజను విన్నది. విని, ఊరుకుంది.
వెనక హైదరాబాదు బస్సు లైట్లు కొడుతోంది,
పక్కన లారీ టైరు నా తలంత ఎత్తున తిరుగుతోంది,
నేను తొక్కుతూనే ఉన్నాను.
ఒకటిన్నర సెకను.
ఆ తరవాత వీపున ఎవరో తన్నినట్టు
ఒక్కుదుటున ముందుకి.
రెండేళ్లుగా ఆ ఖాళీలోనే
నా వెంట్రుకలు తెల్లబడుతున్నాయి.

ఆటోనగర్‌లో సైదావలి షెడ్డు.
సగానికి కోసిన బస్సు బాడీ నీడలో
గ్రైండింగ్ రవ్వలు, టీ గ్లాసు అడుగున ఇనుపరజను.
"టర్బో మార్చాలి. పెద్దది వెయ్యండి" అన్నాను.
"బండి తోలేదెవరు?"
"నేనే."
స్పానరు గాల్లో ఆగింది.
నా వెనక మగమనిషి ఎవరన్నా ఉన్నారేమో చూశాడు,
మళ్లీ నన్ను చూశాడు.
ఇక్కడా అంతే, ఒకటిన్నర సెకను.
"రోజూనా?"
"రోజూ. మిర్చియార్డు నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి కోల్డ్‌స్టోరేజీకి.
శాంపిళ్లు."

ఎయిర్ ఫిల్టరు విప్పి నేలకేసి తట్టాడు.
ఎర్రగా రాలింది.
ఆయన తుమ్మాడు, కుర్రాడు ఏసుపాదం తుమ్మాడు,
పక్క షెడ్డులో రేడియేటరు అతుకుతున్న పెద్దాయన
తుమ్మి, నన్ను కాక ప్రభుత్వాన్ని తిట్టాడు.
"ఏం తల్లీ, ఇది ఇంజనా? కారం మిల్లా?"

అప్పుడు చెప్పాడు, కళ్లు తుడుచుకుంటూ.
పెద్ద టర్బో అంటే పెద్ద చక్రం, బరువు.
పొగ వచ్చి తడితేగానీ కదలదు,
లేచిందాకా లేవదు, లేచాక ఎవరి మాటా వినదు,
అచ్చం మా బావమరిది.
బండి ఊపిరి వదిలితేనే దానికి ఊపిరి అందుద్ది,
ఆ రెంటి మధ్య దూరమే నీ భయం.
"నీకు కావాల్సింది బలం కాదమ్మా.
పిలిస్తే పలకాలి. అంతేగా?"

అంతే.
ఇన్నాళ్లూ ఆ మాట నాకు దొరకలేదు.

నాలుగు రోజులు. పాడిన చీటీలో సగం డబ్బు.
తేలిక చక్రం ఉన్న చిన్న టర్బో తెచ్చి
రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఊదాడు,
తిరిగింది, పాలపిట్ట రెక్కంత చప్పుడుతో.
సబ్బునీళ్లు పోసి గాలి పెడితే
ఇంటర్‌కూలర్ పైపు మెడ దగ్గర బుడగలు.
నేను కాలితో అడిగిందంతా
ఇన్నాళ్లూ ఆ బుడగల దారినే పోయింది.
పటమట నుంచి వచ్చిన కుర్రాడు
ల్యాప్‌టాప్‌లో గీతలు పైకి జరుపుతుంటే
సైదావలి చెయ్యి పట్టుకున్నాడు:
"చాల్లేరా. క్లచ్చుదీ ప్రాణమే."

రాత్రి పదకొండింటికి వారధి ఎక్కాం.
ఆయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుని
పైన పట్టీ కూడా పట్టుకున్నాడు.
ముందు ఇసుక ట్రాక్టరు.
కాలు ఆనించాను.
పలికింది.
తన్ను లేదు, ఖాళీ లేదు,
ఈల లాంటి సన్నటి సద్దు, అంతే,
ట్రాక్టరు అద్దంలోకి పోయింది.
నేను భయపడి బ్రేకు తొక్కాను.

కింద కృష్ణ కనపడకుండా ఉంది.
ఆ ఒకటిన్నర సెకనులో చెయ్యాల్సినవి నాకు చాలా ఉండేవి:
పళ్లు కొరకడం, దేవుణ్ణి తిట్టడం,
లారీ నెంబరు ప్లేటు అంకెలు కూడటం.
వాటినిప్పుడు ఎక్కడ పెట్టుకోను?

"బండి మారింది" అన్నాడు, పట్టీ వదలకుండా.
"కాలు మారటానికి వారం పట్టుద్ది."

మూడు వారాలు పట్టింది.
ఇంకా ఒక్కోసారి, టోల్‌గేటు దాటాక,
అవసరానికి ముందే తొక్కేస్తాను.

ఫిల్టరు నెలకోసారి దులపమన్నాడు.
దులుపుతున్నాను.
ఎర్రగానే రాలుతోంది.